నుదుటి దాకా ఎత్తిన కర్ర

మొన్న ఆదివారం తిరుపతిలో కూరగాయల అంగళ్ళ వైపు పోతే, ఒక మూల గోనెపట్టా మీద చిక్కుడు జాతి అనపకాయలు రాశిగా పోసి ఉన్నాయి. బేరం ఆడకముందే ఒక కాయ తీసి ముక్కు దగ్గర పెట్టుకున్నాను. మా వైపు అనపకాయ మంచిదో కాదో కంటితో చూసి చెప్పరు, వాసన చూసి చెబుతారు. తొక్క మీద జిగురుగా సొన ఉండాలి, ఆ సొన వేళ్ళకు అంటుకుంటే సబ్బుతో కడిగినా పొద్దు గూకేదాకా వదలకూడదు. ఇంటికి తెచ్చి, ఒలిచి, గింజలు నానబెట్టి, సాయంత్రం ఒక్కొక్క గింజనే బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కుతూ కూర్చున్నాను. తొక్క నా చేతిలో ఉండిపోయి పప్పు గిన్నెలోకి దూకుతూ ఉంది. మా అమ్మాయి సెల్‌ఫోన్ నుంచి తలెత్తి, "పితికిన పప్పు ప్యాకెట్లలో అమ్ముతున్నారు కదమ్మా" అంది. అమ్ముతున్నారు, నాకూ తెలుసు. కానీ నాకు ఇది వంటపనిగా అలవాటైంది కాదు, సాముగా అలవాటైంది. ఆ మాట అంటే అది నవ్వింది, నేను పితుకుతూనే ఉండిపోయాను.

పూతలపట్టుకీ బంగారుపాళ్యానికీ నడుమ, పెద్దరోడ్డు దిగి మామిడితోపుల్లో పడి పోతే వచ్చే చిన్న ఊరు మాది. టీవీలు ఇంకా ఊరికి రెండో మూడో ఉన్న రోజులు. మా నాయనకు తోపు ఉండేది, చెనిక్కాయలు, అంటే వేరుసెనగ, వేసే మెట్టచేను ఉండేది, వాటితోపాటు తాత దగ్గర నుంచి వచ్చిన కర్రసాము ఉండేది. పైరు ఇంటికి చేరి కళ్ళం ఖాళీ అయిన కార్తీకమాసం మొదలు, ఎండాకాలంలో గంగజాతర వచ్చేదాకా, ఊరి పిల్లకాయలంతా సాయంత్రం కళ్ళంలో చేరేవాళ్ళు. ఇంట్లో నాయన, కళ్ళంలో వస్తాదన్న. ఇంట్లో ఉప్పు తక్కువైందని అమ్మతో గొణిగే మనిషి, కళ్ళంలో అడుగు పెట్టగానే నడక మారిపోయి, మాట తగ్గిపోయి, వేరే ఎవరో అయిపోయేవాడు. నేను ఆడపిల్లనని నన్ను ఎవరూ పిలవలేదు, ఎవరూ పొమ్మనలేదు, వరస చివర నిలబడి అందరూ చేసిందే చేసేదాన్ని.

కళ్ళంలో నాకు అన్నిటికన్నా విచిత్రంగా తోచింది ఏమిటంటే, సాము నేర్చుకోవడానికి వచ్చిన కొత్తవాళ్ళకు నాయన కర్ర ఇచ్చేవాడు కాదు. చలికాలం పోయేదాకా కర్ర ముట్టుకోకూడదు. అంతవరకూ ఒళ్ళు తయారుకావాలి. మొదట కాసేపు పరిగెత్తాలి, తర్వాత బస్కీలు తీయాలి, అరచేతులు నేలకు ఆనించి దండాలు తీయాలి. ఆ తర్వాత ఇంటి నుంచి తెచ్చుకున్న ఇత్తడి చెంబు పట్టుకుని చెయ్యి ముందుకు చాపి, మోచెయ్యి వంగకుండా, ఆయన చాలు అనేదాకా నిలబడాలి. మొదట ఖాళీ చెంబు. చెయ్యి వణకడం మానేశాక అందులో కాసిని నీళ్ళు, ఇంకొన్నాళ్ళకు ఇంకాసిని, చివరికి అంచుదాకా. ఎడమచేతికీ అంతే. పొద్దున్నే ఎవరి ఇంటి నీళ్ళు వాళ్ళు బావిలోనుంచి గిలక లేకుండా చేదుకుని మోయాలి, దానితో వీపు గట్టిపడుతుందనేవాడు. మాకు జిమ్ము అనే మాట తెలియదు, ఇనుపబిళ్ళలు తెలియవు. ఉన్నవల్లా చెంబు, చేద, నేల, గోడ.

"కర్ర తిరిగేది సేత్తో అనుకుంటా ఉండారు మీరు. భుజంతో, నడుముతో, కాళ్ళతో తిరగల్ల. అవి గట్టిగా ల్యాకుంటే కర్ర మీ నెత్తిన్నే కొడతాది" అనేవాడు నాయన. ఇంకొక మాట మాత్రం రోజూ చెప్పేవాడు: "అలుపొస్తే రానీండి. నొప్పొస్తే మాత్రం ఆడికే నిలబడిపోండి. పంతానికి పోవద్దు."

గోడ అన్నాను కదా, గోడకుర్చీ కూడా మా సాములో భాగమే. వీపు గోడకు ఆనించి, కింద కుర్చీ ఉన్నట్టు మోకాళ్ళు వంచి కూర్చోవడం. బడిలో అదే శిక్ష. ఒకసారి లెక్కల సారు ఇంటిపని చేయలేదని మా కళ్ళం పిల్లలతో సహా తరగతి మొత్తానికీ గోడకుర్చీ వేశాడు. మిగతా పిల్లలు కాసేపటికే ఏడుపుముఖాలు పెట్టారు, మావాళ్ళు మాత్రం ఎవడు ఎక్కువసేపు ఉంటాడో చూద్దామని ఒకరిని చూసి ఒకరు నవ్వుకుంటూ పీరియడ్ అంతా కూర్చున్నారు. అందరికన్నా బక్కగా ఉండే మణి అనేవాడు గంట కొట్టాక కూడా లేవలేదు. లే అని సారు అంటే, "వస్తాదన్న సాలు అనలేదు సార్" అన్నాడు. ఆ సారు ఆరోజు సాయంత్రమే మా ఇంటికి వచ్చి, ఇట్లయితే పిల్లలను ఏ శిక్షతో అదుపులో పెట్టేదని నాయన దగ్గర మొత్తుకున్నాడు. మా అమ్మ వంటింట్లో కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

ధనుర్మాసం వచ్చిందంటే వేళ్ళకు సాము. కర్ర మీద పట్టు కావాలంటే వేళ్ళలో బలం కావాలి, దానికి అనపగింజలు పితకడాన్ని మించింది లేదని నాయన నమ్మకం. ముందురోజు అవ్వ, అంటే నాయన వాళ్ళమ్మ, పెద్ద గంగాళంలో గింజలు నానబెట్టేది. పిల్లలంతా చుట్టూ కూర్చుని, కుడిచేత్తో కొంతసేపు, ఎడమచేత్తో కొంతసేపు, చూపుడువేలు అయ్యాక నడిమివేలు, అది అయ్యాక ఉంగరపువేలు, చివరికి చిటికెనవేలుతో కూడా పితకాలి. చిటికెనవేలు దగ్గరికి వచ్చేసరికి గింజలు గిన్నెలో కాక ఒకరి ముఖాన ఒకరికి తగిలేవి. సొన వాసన ఇల్లంతా కమ్ముకునేది. మర్నాడు రాగిసంగటి, పితికిపప్పు పులుసు, నేతిగిన్నె. ఇంట్లో పని అయ్యేదానికి సాము అని పేరు పెట్టి పిల్లల చేత పితికిస్తున్నాడని ఊళ్ళో ఆడవాళ్ళు నాయనను ఆటపట్టించేవాళ్ళు. ఆయన కాదనేవాడు కాదు.

నాకు మాత్రం ప్రతిదానికీ ఒక ప్రశ్న ఉండేది. చెంబు ముందుకే ఎందుకు పట్టాలి, పక్కకు ఎందుకు పట్టకూడదు? దండాలు పొద్దున ఎందుకు తీయకూడదు? ఎడమచేతికి బలం ఎందుకు, ఆ చేత్తో అన్నం తినం కదా? నాయన కొన్నిటికి చెప్పేవాడు, కొన్నిటికి కర్రతో నేల మీద గీతలు గీసుకుంటూ ఊరుకునేవాడు. నాకు ఎందుకమ్మ అని పేరు కూడా ఆయనే పెట్టాడు. "ఎందుకమ్మ వచ్చిందప్పా, ఇంక సాము అయినట్టే" అనేవాడు, కానీ ఎప్పుడూ విసుక్కోలేదు.

ఈ నేర్పంతా జాతరనాటి ఒక్క ఘడియ కోసం. అంబలి కుండలు, వేపాకు, పసుపునీళ్ళు, రకరకాల వేషాలు, పంబ వాద్యాల మోత, వీటన్నిటి మధ్య గంగమ్మ ముందర సాము మొదలయ్యేది మా ఇంటి కర్రతోనే. నాయన ఒక మోకాలు నేలకు ఆనించి, మన్ను తాకి, లేచి, కర్రను రెండు చేతులా అడ్డంగా పట్టి తలకు పైకి, చేతులు పూర్తిగా చాచి ఎత్తేవాడు. అది అమ్మవారికి దండం. ఆయన ఎత్తాక వెనక వరసలో పిల్లలంతా ఎత్తేవాళ్ళు. ఆ తర్వాతే ఎవరి కర్ర అయినా తిరగాలి.

నేను ఆరో తరగతిలో చేరిన ఏడు, తోతాపురి కాయ కోత చివర్లో, పల్ప్ ఫ్యాక్టరీకి లోడు పంపే తొందరలో, నాయన నిచ్చెన మీద నుంచి కుడిభుజం మీద పడ్డాడు. ఎముక విరిగితే పుత్తూరు తీసుకుపోయి కట్టు కట్టించారు. ఎముక చక్కగా అతుక్కుంది. కట్టు విప్పేటప్పుడు చెయ్యి మెల్లమెల్లగా ఆడిస్తూ ఉండమని చెప్పారు. నాయన ఆడించలేదు. నొప్పిగా ఉందని చెయ్యి కడుపుకు ఆనించుకుని తిరిగాడు, ఇంకాస్త తగ్గాక చూద్దామన్నాడు, తోపు అన్నాడు, చెనిక్కాయలన్నాడు. అనపకాయల కాలం వచ్చేసరికి ఆ చెయ్యి రొమ్ము దాటి పైకి లేవడం మానేసింది. తలగుడ్డ అవ్వ చుట్టాల్సి వచ్చేది. కళ్ళంలో ఒక రాయి మీద కూర్చుని నోటితో చెబుతూ ఎడమచేత్తో చూపించేవాడు. అంత పెద్ద మనిషి చిన్నపిల్లాడిలాగా అవ్వ ముందు తల వంచి తలగుడ్డ కట్టించుకుంటుంటే నాకు అటు చూడబుద్ధి అయ్యేది కాదు.

జాతర పనులు చూసుకునే మునస్వామి మామ ఒకరోజు వచ్చి అరుగు మీద కూర్చుని, చాలాసేపు వానల సంగతి మాట్లాడి, చివరికి అసలు మాట ఎత్తాడు. "ఈ ఏడు నీకు కుదరకుంటే సెప్పబ్బా. గుడియాత్తం కాడ ఒక వస్తాదు ఉండాడు, పిలిపిస్తాం. తప్పేముండాది?"

"జాతర ఇంకా సానా దూరముండాది మామా" అన్నాడు నాయన.

ఆయన పోయాక వంటింట్లో అమ్మ అవ్వతో మెల్లగా అంది. "ఈ ఏడు ఇంకొకరు ఎత్తితే, మళ్ళా ఏటికి ఈయన్ని పిలుస్తారా అత్తా? పిలవకుంటే ఈ మనిషి బతికుంటాడా?" ఆ రాత్రి నాకు భయం వేసింది. అమ్మ అంత మాట అనడం నేను అంతకుముందు వినలేదు.

అప్పుడే పశువుల కొట్టం గోడ మీద నాకు ఏవో జాడలు కనిపించాయి. పండక్కి కొత్తగా సున్నం కొట్టిన తెల్లటి గోడ. దాని మీద నా రొమ్ము ఎత్తున నూనె మరకలు, రెండేసి వేళ్ళ ముద్రలు, ఒకదానిమీద ఒకటిగా. బల్లి అనుకున్నాను, బల్లికి నూనె ఎక్కడిది? అవ్వ చెయ్యి అనుకున్నాను, అవ్వ కొట్టంలోకి వెళ్ళదు. ముక్కు ఆనించి చూస్తే ఆముదం వాసన. కొన్నాళ్ళకు అవి నా గడ్డం దాకా వచ్చాయి, ఇంకొన్నాళ్ళకు ముక్కు దాకా. నేను పొడుగు పెరుగుతున్నానేమో, గోడ పెరుగుతున్నదేమో అని కూడా అనుమానం వచ్చింది. మణికి చూపిస్తే దయ్యం అని తేల్చేసి, ఆవైపు రావడం మానేశాడు. నాకు దయ్యం భయం కన్నా, దయ్యానికి ఆముదం ఎందుకన్న సందేహమే ఎక్కువైంది.

ఒకనాడు తెల్లవారుతుండగా లేచి గడ్డివామి చాటున కూర్చున్నాను. మంచు పడుతూ ఉంది. అవ్వ వేడి ఆముదంతో భుజం రుద్దిన తర్వాత నాయన ఒక్కడే కొట్టంలోకి వచ్చాడు. బడిలో శిక్ష పడ్డవాడిలాగా గోడకు ముఖం పెట్టి నిలబడ్డాడు. కుడిచేతి వేళ్ళు రెండు గోడకు ఆనించి, ఒక వేలు తర్వాత ఒక వేలు, గోడ మీద నడిపించుకుంటూ పైకి పోనిచ్చాడు. ఒకచోట వేళ్ళు ఆగిపోయి వణికాయి. అక్కడే పట్టి నిలబడి, ఊపిరి వదిలి, అట్లాగే నడిపించుకుంటూ కిందికి దించాడు. మళ్ళీ మొదలు. ముఖమంతా చెమట. నేను తుమ్మకుండా ఉంటే చూసేవాడు కాదు. చూశాడు. కోప్పడతాడనుకున్నాను.

"యాడికొచ్చింది పాపా? నిన్నటికన్నా పైనుండాదా, సూడు" అన్నాడు.

ఉంది, గోరంత పైకి ఉంది. ఆరోజు నుంచి రోజూ పొద్దున లేచి వేళ్ళ జాడ చూసి చెప్పడం నా పని అయింది. జాడ కొట్టం దూలం దాకా పోతే కర్ర తలపైకి లేస్తుందని మాకు ఒక లెక్క. గోడ పని అయ్యాక ఖాళీ చెంబు పట్టేవాడు, కొత్తవాళ్ళలాగే. ఎందుకు ఇంత చిన్న పని, ఇంత మెల్లగా ఎందుకు అని అడిగితే, బలం ఎప్పుడూ కొత్తగానే మొదలు పెట్టాలమ్మా, పాతది లెక్కకు రాదు అని చెప్పాడు. మాఘం పోయేసరికి జాడలు నన్ను దాటి, నేను చెయ్యి చాస్తే అందేంత ఎత్తుకు పోయాయి. చెంబులోకి నీళ్ళు వచ్చాయి. అమ్మ ముఖంలో కళ వచ్చింది.

ఉగాదినాడు అంతా చెడింది. ఉగాది సాయంత్రం కళ్ళంలో గుండు ఎత్తడం మా ఊరి వాడుక. నున్నటి రాతిగుండు, ముందు వస్తాదు మోకాలి దాకా ఎత్తి దించాలి, తర్వాత ఎవరికి చేతనైతే వాళ్ళు. ఆ ఏడు నాయన ఎత్తడని అందరికీ తెలుసు. కానీ మణి, వాడి మనసులో ఏ చెడ్డా లేకుండా, గుండుకు పసుపు పూసి బొట్టు పెట్టి, "రా వస్తాదన్నా" అని పక్కకు జరిగి నిలబడ్డాడు. ఊరంతా చూస్తూ ఉంది. మునస్వామి మామ కూడా ఉన్నాడు. నాయన ఒక్క క్షణం ఆగాడు, పంచె ఎగగట్టాడు, వంగి గుండు ఎత్తాడు. మోకాలి దాకా ఎత్తాడు కూడా. అందరూ కేకలు వేశారు. దించేటప్పుడు ఆయన పెదవి కొరుక్కోవడం నేను చూశాను.

మర్నాడు పొద్దున గోడ మీద కొత్త జాడ నా ముక్కు ఎత్తున పడింది. నాయన గోడకు నుదురు ఆనించి నిలబడిపోయాడు. అవ్వ ఆముదం గిన్నెతో వచ్చి గుమ్మంలో నిలబడి, "నొప్పొస్తే నిలబడిపోండని పిలకాయలకు సెప్తావే, అది నీకు పనికిరాదా? వాళ్ళకో సాము, నీకో సామా?" అని తిట్టింది. నాయన నాలుగు రోజులు కళ్ళానికే పోలేదు.

ఐదోనాడు వచ్చాడు. చేతిలో చెంబు ఉంది. రాయి మీద కూర్చోలేదు. వరసలో అందరికన్నా చివర, నా పక్కన వచ్చి నిలబడ్డాడు. పిల్లలంతా ఎటు చూడాలో తెలియక కాళ్ళవైపు చూసుకుంటున్నారు.

"ఈ ఏడు నేను గూడా కొత్తోన్నే" అన్నాడు. "మణీ, నువ్వు సెప్పు. సాలు అనేదాకా పడతా."

మణి అటూ ఇటూ చూసుకుంటూ వచ్చి ఎదురుగా నిలబడ్డాడు. చివరికి ఎట్లాగో మొదలు పెట్టించాడు. నాయన చెయ్యి రొమ్ము ఎత్తున ఖాళీ చెంబు పట్టుకుంది, నా చెయ్యి నిండు చెంబు పట్టుకుంది. ఆయన చెంబు వణికింది, అయినా ఆయన సిగ్గుపడలేదు. నొప్పి వచ్చినచోట ఆగాడు, దించాడు, మళ్ళీ ఎత్తాడు. నాయన అంటే నాకు అంతకుముందు భయమూ ఇష్టమూ ఉండేవి, గౌరవం అనేది ఏమిటో ఆ సాయంత్రం తెలిసింది. అప్పటి నుంచి జాతర దాకా ఆయన స్థానం ఆ వరస చివరే.

జాతర నాటికి గోడ మీద జాడ దూలానికి జానెడు కింద ఆగింది. అంతకు మించి పోలేదు. మునస్వామి మామ వచ్చి అడిగినప్పుడు నాయన, "ఎవురినీ పిలవద్దు మామా, ఎంత లేస్తే అంత ఎత్తుతా" అన్నాడు. అమ్మ దేవుడి గూట్లో దీపం పెట్టి, అక్కడే కూర్చుండిపోయింది, జాతరకు రానంది. అవ్వ చెయ్యి పట్టి లాక్కొచ్చింది.

పంబలు ఆగాయి. నాయన మోకాలు వంచి మన్ను తాకి లేచాడు. కర్ర అడ్డంగా పట్టి ఎత్తాడు. ఎడమచెయ్యి చక్కగా తలపైకి పోయింది. కుడిచెయ్యి నుదుటి దగ్గర ఆగింది. కర్ర ఒక పక్కకు వాలిపోయి, తెగిన పందిరి వాసంలాగా వంకరగా నిలబడింది. ఉగాదినాడు లాగా పంతానికి పోతాడని, కుడిచేతిని బలంగా పైకి తోస్తాడని అనుకున్నాను. నాయన తోయలేదు. ఎడమచేతిని మెల్లగా కిందికి దించాడు. కుడిచెయ్యి ఎక్కడ ఉందో అక్కడికి తెచ్చి ఆపాడు. కర్ర నుదుటికి ఆని, తిన్నగా, కదలకుండా నిలిచింది. అట్లాగే తల వంచాడు. వెనక వరసలో మణి, వాడి పక్కన అందరూ, వరస చివర నేను, మా కర్రలు నుదుటి దాకా ఎత్తి ఆపాం. ఎవరూ చెప్పలేదు. వస్తాదు ఎంత ఎత్తితే అంత, అంతే. పంబలు మళ్ళీ మోగాయి. అమ్మ ఏడుస్తూ నవ్వుతూ ఉంది.

మరుసటి ఏడు నాయన చెయ్యి పూర్తిగా లేచింది. జాడలు దూలాన్ని తాకాయి, తలగుడ్డ తానే చుట్టుకున్నాడు. జాతరలో కర్ర తలపైకి ఎత్తబోయి, తనకన్నా ముందే వెనక పిల్లలంతా కర్రలు నుదుటి దగ్గర ఆపి ఉండటం ఓరకంట చూసి, తానూ అక్కడే ఆగాడు. ఎందుకని ఇంటికొచ్చాక అడిగితే, "వాళ్ళు నాకోసరం ఆపినారు కదా పాపా" అన్నాడు. ఇక ఎప్పుడూ తల దాటి ఎత్తలేదు.

ఇప్పుడు ఆ కొట్టం లేదు, గోడ లేదు. కళ్ళం ఉన్నచోట ఫ్యాక్టరీ లారీలు ఆగుతాయి. గుండు ఎవరి గేటుకో అడ్డంగా పెట్టుకున్నారట, ఎవరిదో తెలియదు. అవ్వ, నాయన ఒకరి తర్వాత ఒకరు పోయారు. మా ఊళ్ళో చేదబావి నీళ్ళు తోడే చెయ్యి ఒక్కటీ మిగల్లేదు.

అనపకాయలు కొన్న ఆదివారానికి ముందురోజు మా అమ్మాయి కాలేజీలో వేడుక జరిగింది. పూతలపట్టు వైపు నుంచి వచ్చిన పిల్లలు కర్రసాము చేస్తారన్నారు. వరసగా నిలబడ్డారు, మోకాలు వంచారు, మన్ను లేని సిమెంటు నేలను తాకారు, కర్రలు ఎత్తారు. అన్ని కర్రలూ నుదుటి దగ్గర ఆగాయి. నేను కుర్చీలోనుంచి లేచి నిలబడ్డాను. అయిపోయాక వాళ్ళకు నేర్పే అబ్బాయి దగ్గరికి వెళ్ళి, కర్ర పైకి ఎత్తకుండా నుదుటి దగ్గరే ఎందుకు ఆపుతారని అడిగాను.

"అమ్మవారి ముందర తల దాటి కర్ర ఎత్తగూడదు మేడమ్. తప్పు. మా మణి వస్తాదు అట్లే నేర్పినాడు" అన్నాడు ఆ అబ్బాయి, ఎంతో భక్తిగా.

మణి ఎందుకట్లా చెప్పాడో నాకు తెలియదు. నాయన భుజం సంగతి పిల్లలకు చెప్పడం ఇష్టం లేకపోయిందేమో. నేను కూడా చెప్పలేదు. కళ్ళలో నీళ్ళు నిండి ఆ అబ్బాయి ముఖం సరిగ్గా కనిపించలేదు.

"మీకు సాము తెలుసునా మేడమ్?" అని, నవ్వుతూ తన కర్ర నా చేతికి ఇచ్చాడు. రెండు చేతులా పట్టి ఎత్తాను. నా భుజాలకు ఇప్పటిదాకా ఏ నొప్పీ లేదు, ఎంత పైకైనా లేస్తాయి. కర్ర నుదుటి దగ్గరే ఆగింది.